కరాటే వచ్చుగా, ఎందుకు కొట్టలేదు?

"నీకు కరాటే వచ్చు కదమ్మా, మరి ఎందుకు కొట్టలేదు?"

ఈ ప్రశ్న అడిగింది మగవాడు కాదు. ఒక డిగ్రీ కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీకి అధ్యక్షురాలైన స్త్రీ. మార్చి 8 సభల్లో మనతో పాటు వేదిక మీద కూర్చునే స్త్రీ. అడిగింది 19 ఏళ్ల అమ్మాయిని. ఆ కాలేజీలోనే పనిచేసే ఒక ఉద్యోగి స్టోర్ రూములో తలుపు వేసి తనను పట్టుకున్నాడని ఆ అమ్మాయి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది. ఊరి పేరు, కాలేజీ పేరు రాయను. రాస్తే ఆ అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది.

కమిటీ బల్ల మీద ఒక కాగితం ఉంది. ఆ ఉద్యోగి తరఫు వాళ్లు ఆమె అడ్మిషన్ ఫైలులోంచి తీయించి పెట్టిన కాగితం. తొమ్మిదో తరగతిలో ఉండగా ఆమె బడిలో మూడు నెలలు ఆత్మరక్షణ శిక్షణ తీసుకుందనీ, 'తనను తాను కాపాడుకోగల సామర్థ్యం సంపాదించింద'నీ దాని మీద అచ్చువేసి ఉంది. కింద శిక్షకురాలి సంతకం. ఆ సంతకం నాది.

"కొట్టాలనే అనుకున్నానండీ. ఊపిరి ఆడలేదు. చెయ్యి నాది కానట్టు అయిపోయింది" అని చెప్పింది ఆ అమ్మాయి. పక్కన రాసుకుంటున్న గుమాస్తా దాన్ని ఒక్క వాక్యం చేశాడు: 'ప్రతిఘటించలేదని ఫిర్యాదుదారే ఒప్పుకున్నది.' నేను లేచి అభ్యంతరం చెప్పాను. తోడు వచ్చినవాళ్లు మాట్లాడకూడదని నన్ను కూర్చోబెట్టారు.

ఆ రోజు నుంచీ ఈ వ్యాసం రాయాలని అనుకుంటున్నాను. నేను నేర్పిన విద్య నా విద్యార్థిని మీదే సాక్ష్యంగా నిలబడింది. ఆమెకు నేను ఇచ్చిన కాగితం లేకపోయి ఉంటే 'పాపం, ఆడపిల్ల, ఏం చెయ్యగలదు' అనైనా అనేవారేమో. కాగితం ఉంది కాబట్టి ఆమె ఇష్టపడే ఊరుకుందన్నారు. ఇందులో కమిటీ తప్పు ఎంతో, ఆత్మరక్షణ పేరుతో పాతికేళ్లుగా మాలాంటి వాళ్లం నేర్పుతున్న పద్ధతిలో తప్పు ఎంతో తేల్చుకోకుండా ఇంకో బడిలో అడుగుపెట్టకూడదనిపించింది.

నా సంగతి కూడా చెప్పాలి. ఇన్నేళ్లూ ఎక్కడా చెప్పలేదు.

1989లో ఖమ్మంలో నేను కరాటేలో చేరినప్పుడు ఆ తరగతిలో నలభై మంది అబ్బాయిలు, ముగ్గురం అమ్మాయిలం. 1994కి నాకు బ్రౌన్ బెల్టు వచ్చింది. ఆ వేసవిలోనే, మా ఇంట్లోనే, నాన్న స్నేహితుడు, నేను చిన్నప్పటి నుంచీ 'బాబాయ్' అని పిలిచే మనిషి, అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతుండగా నన్ను గోడకి అదిమాడు. నేనేం చేశానో తెలుసా? ఎదురు గోడ మీది కేలండరులో తేదీలు చదివాను. ఏకాదశి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో చదివాను. పెరట్లో బకెట్టు చప్పుడై అతను వదిలేశాక నేను మొట్టమొదట చేసిన పని ఊపిరి వదలడం. అంతసేపూ దాన్ని బిగబట్టే ఉన్నానని అప్పుడే తెలిసింది.

మర్నాడు తరగతికి వెళ్లి రెండు వందల పంచ్‌లు కొట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు కదా. ఆ కమిటీ అధ్యక్షురాలి ప్రశ్నను ముప్పై ఏళ్ల ముందే నన్ను నేను అడిగేసుకున్నాను.

మన భాష ఈ విషయం ఎప్పుడో కనిపెట్టింది. 'కాళ్లూ చేతులూ ఆడలేదు', 'నోట మాట రాలేదు', 'గొంతు పెగల్లేదు', 'కొయ్యబారిపోయాను'. ఎద్దు పొడవడానికి వచ్చినా, ఇంట్లో మంటలు లేచినా, చావు కబురు విన్నా ఈ మాటలే అంటాం. అన్నవాళ్లను ఎవరూ అనుమానించరు. 'ఎద్దు మీదికి వస్తుంటే పక్కకి తప్పుకోలేదంటే పొడిపించుకోవడం నీకిష్టమేగా' అని ఎవరూ అడగరు. ఒక్క ఆడదాని మీద జరిగే లైంగిక హింస దగ్గరికి వచ్చేసరికి ఈ మాటలన్నీ అబద్ధాలైపోతాయి.

కోళ్లు పెంచిన ఇళ్లలో పుట్టినవాళ్లకి తెలుసు. పెట్టను పట్టుకుని వెల్లకిలా తిప్పి కాసేపు అదిమి ఉంచి చెయ్యి తీసేస్తే, అది లేచి పారిపోదు. కళ్లు తెరుచుకునే ఉంటుంది, కదలదు. దానికి కదలాలని లేక కాదు. తప్పించుకునే దారి లేదనిపించినప్పుడు శరీరం తనంతట తాను చేసే పని అది. మనిషికీ అంతే. కళ్లకి కనిపిస్తుంటుంది, చెవులకి వినిపిస్తుంటుంది, కండరం మాట వినదు, గొంతు రాదు. స్వీడన్‌లో స్టాక్‌హోమ్‌లోని అత్యాచార బాధితుల చికిత్సా కేంద్రానికి వచ్చిన దాదాపు 300 మంది స్త్రీలను అడిగి 2017లో ప్రచురించిన అధ్యయనంలో 70 శాతం మంది ఇలా బిగుసుకుపోయామన్నారు. సగానికి కాస్త తక్కువ మందిలో అది చాలా తీవ్రంగా ఉంది. అంటే తన్ని, అరిచి, గోళ్లతో రక్కే 'నిజమైన బాధితురాలి' కోసం మన పోలీసులూ కమిటీలూ వెతుకుతుంటే, ఎదురుగా వచ్చి కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఊపిరి ఆగిపోయినవాళ్లే.

చట్టానికి ఇది అర్థం కావడానికి ఎంత కాలం పట్టిందో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. మహారాష్ట్రలో మధుర అనే ఆదివాసీ బాలిక మీద 1972లో పోలీసు స్టేషన్‌లో అత్యాచారం జరిగితే, ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ప్రతిఘటన లేదని 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. అదే 1978లో మన హైదరాబాదులో రమీజాబీ. నల్లకుంట స్టేషన్‌లో ఆమె మీద అత్యాచారం చేశారు, భర్తను కొట్టి చంపారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కేసు రాయచూరుకు మారి 1981లో అందరూ నిర్దోషులై బయటికి వచ్చారు. ఆ రెండు కేసుల మీద రోడ్డెక్కిన స్త్రీల వల్లే 1983లో చట్టం మారింది. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో స్త్రీ అంగీకరించినట్టు భావించకూడదని చట్టంలోనే రాయించుకోవడానికి మాత్రం 2013 దాకా ఆగాల్సి వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో కూడా ఆ మాట అలాగే ఉంది.

చట్టంలో ఉంది. ఆ కమిటీ గదిలో మాత్రం లేదు. గోడకి తగిలించిన ఫ్లెక్సీ మీద 2013 చట్టం పేరు మాత్రం పెద్ద అక్షరాలతో ఉంది.

ఇప్పుడు మా వైపు తప్పు గురించి చెబుతాను.

నేను నేర్చుకున్న చోట ఊపిరి గురించి ఒక్క మాట చెప్పలేదు. పంచ్ చివర గట్టిగా అరవాలని మాత్రం చెప్పారు. దాన్ని కియాయ్ అంటారు. అది ఎదుటివాణ్ని బెదిరించడానికని అనుకునేవాళ్లం. అసలు పని వేరు. పొట్ట కిందినుంచి ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చేటప్పుడు నడుమూ పొట్టా బిగుస్తాయి. అప్పుడే దెబ్బలో బలం ఉంటుంది, మనకి తగిలే దెబ్బను కాచుకునే శక్తీ ఉంటుంది. ఊపిరి నిండా పట్టుకుని నిలబడ్డవాడి పొట్టలో ఒక్క గుద్దు పడితే ఏమవుతుందో కుమితే చేసినవాళ్లందరికీ అనుభవమే.

మా తరగతి జరిగే హాలు ఇళ్ల మధ్య ఉండేది. అబ్బాయిలు అరిస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. మేము ముగ్గురం అరవడం మొదలుపెట్టిన వారం రోజులకే పక్కింటి పెద్దమనుషులు వచ్చారు. పెళ్లి కావాల్సిన పిల్లలు అలా కేకలు పెడుతుంటే బాగుండదన్నారు. మాస్టారు మంచివారు. గొడవెందుకని, "మీరు సౌండ్ లేకుండా చెయ్యండమ్మా" అని మాకు మినహాయింపు ఇచ్చారు. మేము సంతోషించాం కూడా, సిగ్గు తప్పిందని. అయిదేళ్లు సౌండ్ లేకుండా కరాటే నేర్చుకున్నాను. అంటే అయిదేళ్లు ఊపిరి బిగబట్టి కొట్టడమే సాధన చేశాను. 1994లో ఆ గోడ దగ్గర నా శరీరం తనకి అలవాటైన పనే చేసింది.

చాలా ఏళ్ల తర్వాత మరో చోట, మరో గురువు దగ్గర సాంచిన్ నేర్చుకున్నాను. ఒకినావాలో పుట్టిన గోజు ర్యూ కరాటేకి అది పునాది లాంటి కటా. దాన్లో గంతులు లేవు, గాల్లోకి లేచే కిక్కులు లేవు. మెల్లగా మూడడుగులు వెయ్యాలి, ఊపిరి వినపడేలా తీసి వదలాలి. గురువు వచ్చి భుజాల మీద, పొట్ట మీద తట్టి చూస్తాడు, ఊపిరి ఎక్కడ తెగుతుందో. ఆ గురువు ఆరు నెలలు నాతో వేరే ఏదీ చేయించలేదు. ఫొటోలో చూస్తే ఇది విద్యలాగే కనిపించదు. బహుశా అందుకే మన బడులకి రాలేదు.

మన బడులకి ఏం వచ్చింది? సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆత్మరక్షణ పథకం ఉంది. ఆరు నుంచి పన్నెండు తరగతుల ఆడపిల్లలకి మూడు నెలల శిక్షణ. బడికి నెలకి 5,000 రూపాయలు, మొత్తం 15,000. డబ్బు తక్కువని కాదు నా గొడవ, తక్కువే అనుకోండి. ఆ మూడు నెలల చివర ఏం చూపించాలన్నది నా గొడవ. పెంకులు పగలగొట్టించాలి. మోటారు సైకిలు దిగివచ్చి మెళ్లో గొలుసు లాగే దొంగ వేషం ఒక అబ్బాయికి వేయించి వాణ్ని పడగొట్టించాలి. అధికారులు చప్పట్లు కొట్టాలి, మర్నాడు జిల్లా పేపర్లో 'ఆదిశక్తులు' అని ఫొటో రావాలి. నేనూ చేయించాను. పెంకులు తేలిగ్గా పగలడానికి ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు, ఇక్కడ రాస్తే తోటి మాస్టర్లు నొచ్చుకుంటారు.

ఆ నాటకంలో దొంగ ఎప్పుడూ ముక్కూమొహం తెలియనివాడే, రోడ్డు మీదివాడే. మన నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం ఏటా నమోదయ్యే అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బావ, మామయ్య, పక్కింటివాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు, సారు. బాబాయ్ అని పిలిచే మనిషి మొహం మీద పంచ్ వెయ్యడానికి చేతిలో బలం చాలదు. వాడు చేస్తున్నది తప్పని మనసు ఒప్పుకోవాలి, ఒప్పుకునేలోపు ఊపిరి ఆగుతుంది. శిక్షణ అక్కడ మొదలవ్వాలి. మేమేమో పిడికిలి దగ్గర మొదలుపెట్టాం.

పైగా ఆ కాగితం ఇచ్చిన రోజు నుంచీ బాధ్యత ఆడపిల్ల మీదికి మారిపోతుంది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టరు మీద ఆ ఘోరం జరిగినప్పుడు, ఆనాటి తెలంగాణ హోం మంత్రి అన్న మాట గుర్తుందా? చదువుకున్న అమ్మాయి, చెల్లెలికి బదులు 100కి ఫోన్ చేసి ఉంటే బతికేదన్నారు. చచ్చిపోయినా తప్పు మనదే. ఫోన్ ఉన్నవాళ్లు ఫోన్ చెయ్యలేదని, కరాటే వచ్చినవాళ్లు కొట్టలేదని. రాజ్యం తన పని తను చెయ్యకుండా మన చేతికి ఒక్కో పరికరం ఇచ్చి, తర్వాత ఆ పరికరం ఎందుకు వాడలేదని విచారణ జరుపుతుంది.

ఇంత చెప్పాక మన స్నేహితుల్లో కొందరు, "అందుకే కదా మేం మొదటి నుంచీ ఈ ఆత్మరక్షణ గోల వద్దంటున్నాం, మారాల్సింది మగవాళ్లు" అంటారు. నిరుడు ఒక సదస్సులో నేను ఊపిరి సాధన గురించి మాట్లాడితే, నేను గౌరవించే ఒక సీనియర్ కార్యకర్త, "రాందేవ్ బాబా దగ్గరికి పోయినట్టున్నావే" అని నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ మనసులో కష్టంగానే ఉంది. మగవాళ్లు మారేదాకా మన పిల్లలు ఊపిరి బిగబట్టుకుని ఉండాలా? హక్కుల గురించి మాట్లాడే మనం శరీరాన్ని ఎందుకిలా బాబాలకీ, కార్పొరేట్ ఆస్పత్రులకీ వదిలేశాం? లండన్‌లో ఓటు హక్కు కోసం పోరాడిన స్త్రీలకు ఎడిత్ గారుడ్ జుజుట్సు నేర్పింది. నిండా అయిదడుగులు లేని మనిషి. 1913లో పోలీసులు నాయకురాళ్లను మళ్లీ మళ్లీ అరెస్టు చేస్తుంటే, అడ్డుపడ్డానికి తయారైన స్త్రీల దళానికి రహస్యంగా శిక్షణ ఇచ్చింది. ఆ స్త్రీలకి అది వ్యక్తిగత విషయంగా అనిపించలేదు.

ఇంకో సంగతి. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులతో చేసిన అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. 12 గంటల శిక్షణ. అందులో దెబ్బలు నేర్పడం ఒక భాగమే. తెలిసిన మగవాడి ప్రవర్తనలో ప్రమాదాన్ని ముందే గుర్తించడం, 'బాగుండదేమో' అనే మొహమాటాన్ని దాటడం, గట్టిగా మాట్లాడడం తక్కినవి. ఏడాది తిరిగేసరికి శిక్షణ లేనివాళ్లలో అత్యాచారానికి గురైనవారు 9.8 శాతం, శిక్షణ తీసుకున్నవాళ్లలో 5.2 శాతం. సున్నా కాలేదు, ఎందుకంటే నేరం చేసేవాడు ఇంకా ఉన్నాడు. కానీ ఆ తేడా బతికిన ఆడపిల్లల తేడా. దాన్ని సిద్ధాంతం పేరుతో తోసెయ్యడానికి నాకు మనసొప్పదు.

ఇప్పుడు నేను ఏం నేర్పుతున్నానో చెబుతాను. ఇందులో రహస్యం ఏమీ లేదు, మీ శిబిరాల్లో మీరూ చేయించవచ్చు.

మొదటి రోజు హాస్టల్ వంటగది నుంచి రోకలి తెప్పిస్తాను. ఒక్కొక్కరినీ ఊపిరి బిగబట్టి పది పోట్లు వెయ్యమంటాను. తర్వాత, పోటు పడేటప్పుడల్లా 'హుఁ' అని ఊపిరి వదులుతూ పది. రెండింటికీ తేడా చేతులే చెబుతాయి. దంచిన అమ్మమ్మలందరికీ ఇది తెలుసు. చాకిరేవులో బట్ట బండకేసి కొట్టేవాళ్లు 'ఇస్సో' అనేది ఊరికే కాదు. కియాయ్ అంటే జపాను నుంచి దిగుమతైన మంత్రమనుకునే పిల్లలు, "మా నాయనమ్మ చేసేది ఇదే కదక్కా!" అంటారు. ఆ మాట వచ్చాక నా పని సగం అయిపోతుంది.

తర్వాత పొట్ట మీద ఒక చెయ్యి, ఎద మీద ఒక చెయ్యి పెట్టుకోమంటాను. నూటికి తొంభై మందికి ఎద మీది చెయ్యే లేస్తుంది. ఊపిరి లోపలికి వెళ్లేటప్పుడు డయాఫ్రం కిందికి దిగి పొట్ట ముందుకు రావాలి. మన పిల్లలు రానివ్వరు. పన్నెండేళ్లు వచ్చినప్పటి నుంచీ పొట్ట లోపలికి లాక్కోవడం, చున్నీ బిగించుకోవడం, భుజాలు ముడుచుకోవడం నేర్పాం కదా. పొట్ట బయటికి కనిపిస్తుందని సిగ్గుపడి పై పైనే ఊపిరి తీసుకునే పిల్లలని ప్రతి బడిలోనూ చూశాను. పితృస్వామ్యం గురించి మనం పెద్ద పెద్ద పుస్తకాలు చదివాం. అది ఊపిరితిత్తుల కింది భాగంలో కూడా ఉంటుందని నాకు ఈ పిల్లల దగ్గరే తెలిసింది.

పొట్ట కదలడం వచ్చాక లెక్క. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. బయటికి వెళ్లేదే పొడుగ్గా ఉండాలి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, నాడి పట్టుకుని చూస్తే కొందరికి తెలుస్తుంది కూడా. గబగబా పెద్ద పెద్ద ఊపిరులు పీల్చమని చెప్పే శిక్షకులున్నారు, అది తప్పు. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి, భయం ఇంకా పెరుగుతుంది. ఇంకొకటి, కళ్లు మూసుకోమని నేను ఎప్పుడూ చెప్పను. ఇంట్లోనో బయటో దెబ్బ తిన్న పిల్ల కళ్లు మూసుకుంటే ఏం కనిపిస్తుందో మనకి తెలియదు. ఊపిరి నిదానంగా బయటికి వస్తుంటే కొందరికి ఏడుపు కూడా వస్తుంది. నాలుగేళ్ల కింద ఒక పిల్ల అలా ఏడుస్తూ ఇంట్లో జరుగుతున్నది చెప్పింది. ఆ రోజు ఏం చెయ్యాలో మాకెవరికీ ముందే చెప్పి ఉంచలేదు. శిక్షణ జరిగే చోట పిల్లలు నమ్మి మాట్లాడగలిగే ఒక మనిషి ఉండాలని పథకం రాసినవాళ్లకి తోచలేదు.

చివర్న మాట. ఇది చాలామంది వదిలేస్తారు. ఊపిరి బిగబట్టి ఉన్నంతసేపూ గొంతు రాదు, కావాలంటే ఇప్పుడే ప్రయత్నించి చూడండి. మాట బయటికి వచ్చే ఊపిరి మీదే వస్తుంది. అందుకని జంటలుగా నిలబెట్టి, అవతలి పిల్ల అనుమతి అడిగి, మణికట్టు పట్టుకోమంటాను. పట్టుకోగానే చెయ్యి గుంజుకోవద్దు. ముందు ఊపిరి వదలాలి, దానితో పాటే ఒక మాట రావాలి. ఏ మాట వస్తుందో తెలుసా? "వదలండి." పక్కనున్నది తన స్నేహితురాలే అయినా, ఆ చెయ్యి ఒక సారుదని ఊహించుకోమంటే ఆ పిల్లకి 'అండి' లేకుండా నోరు రాదు. "వదలండి సార్, ప్లీజ్ సార్" అంటారు. 'వదులు' అనే మూడక్షరాలు గట్టిగా రావడానికి కొందరికి రెండు వారాలు పట్టింది. పెంకు పగలగొట్టడానికి రెండు రోజులు చాలు.

ఊపిరి సాధన చేసినవాళ్లెవరూ బిగుసుకుపోరని నేను చెప్పను. అలా చెప్పేవాణ్ని నమ్మకండి. కత్తి ఉన్నప్పుడు, నలుగురున్నప్పుడు, ఎదిరిస్తే ప్రాణం పోతుందని శరీరానికి అనిపించినప్పుడు అది ఏ నిర్ణయం తీసుకుంటే అదే సరైనది. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఊపిరి పనికి వచ్చేది దానికి ముందు క్షణంలో, ఏదో తేడాగా ఉందనిపించినప్పుడు, ఇంకా తలుపు తీసి ఉన్నప్పుడు. తర్వాత కూడా పనికొస్తుంది, స్టేషన్‌లో ఫిర్యాదు చెప్పేటప్పుడు, కోర్టులో అవతలి వకీలు నోటికొచ్చింది అడుగుతున్నప్పుడు. రెండో విడత విచారణకి వెళ్లే ముందు ఆ అమ్మాయీ నేనూ కాలేజీ గేటు బయట టీ బండి పక్కన నిలబడి నాలుగూ ఆరూ లెక్కపెట్టుకున్నాం. టీ పోసే అతను మమ్మల్ని వింతగా చూశాడు.

దీన్నే ఇంకో రకంగా వాడేవాళ్లున్నారు, వాళ్ల గురించీ చెప్పాలి. ఒక స్వచ్ఛంద సంస్థ తన గ్రామ కార్యకర్తలకు ఒత్తిడి తగ్గించుకునే శిబిరం పెట్టి నన్ను పిలిచింది. వాళ్లకి అయిదు నెలలుగా గౌరవ వేతనం రాలేదని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఊపిరి మీద గంట సేపు చెప్పాక ఒకామె లేచి, "అక్కా, ఇట్ల ఊపిరి పీలుస్తే జీతం వస్తదా?" అని అడిగింది. రాదన్నాను. డైరెక్టరు గదిలోకి పోయి అడిగేటప్పుడు గొంతు వణక్కుండా ఉంటుందని మాత్రం చెప్పాను. మధ్యాహ్నం భోజనాలు కాగానే పదకొండు మంది కలిసి వెళ్లి అడిగారు. రెండు నెలలది ఇచ్చారు. ఆ సంస్థ నన్ను మళ్లీ పిలవలేదు. భరించడానికి ఊపిరి నేర్పమని పిలిచే చోట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, అన్నింట్లోనూ భోజనం బాగుంటుంది.

కాలేజీ కమిటీ 'తగిన ఆధారాలు లేవు' అని నివేదిక ఇచ్చింది. అప్పీలు వేశాం. ఆ అమ్మాయి కాలేజీకి వెళుతూనే ఉంది. ఆ ఉద్యోగి కూడా వెళుతూనే ఉన్నాడు.

ఈ ఏడాది ఒక బడిలో మూడు నెలలు పూర్తిచేశాక నా ముందు పెట్టిన సర్టిఫికెట్ల కట్ట మీద నేను సంతకం చెయ్యలేదు. 'తనను తాను కాపాడుకోగల సామర్థ్యం సంపాదించింది' అన్న వాక్యం కొట్టేసి, 'ఈ విద్యార్థిని మూడు నెలల తరగతులకు హాజరైంది. ఏ సందర్భంలోనైనా ఈమె ఎదిరించకపోవడాన్ని ఈ శిక్షణ ఆధారంగా ప్రశ్నించరాదు' అని తెలుగులో టైపు చేయించి, 62 కాగితాలూ నా ఖర్చుతో జిరాక్సు తీయించి ఇచ్చాను. ఆఫీసులో ఫైలు చూసే ఆయన, ఇలాంటి నమూనా తమ దగ్గర లేదన్నారు. పాత నమూనాలో సంతకం పెడితేనే బిల్లు పాసవుతుందన్నారు. వాక్యం మార్చమని రాతపూర్వకంగా అడిగాను. మూడుసార్లు వెళ్లాను. 15,000 రూపాయలు ఇంకా రాలేదు. సర్టిఫికెట్లు మాత్రం పిల్లలకి ఇచ్చేశాను.